వాడ ముచ్చట్లు – 19: బరువు మోసే చక్రం

మా అన్న షెడ్డుకి ఆటోలు వస్తాయి, ట్రాక్టర్లు వస్తాయి, అప్పుడప్పుడు ఎవరో ఒకరు బోరు మోటారు కూడా తెచ్చి పడేస్తారు. కొన్నేళ్ల కిందట, సంక్రాంతి ఇంకా నెల ఉందనగా, ఎన్నడూ చూడని బండి ఒకటి వచ్చింది. ఇనుప పైపులతో పంజరంలా కట్టిన బండి. ఒకటే సీటు. తలుపుల్లేవు, టాపు లేదు. వెనక చిన్న ఇంజన్, కింద నాలుగు గరుకు టైర్లు. ట్రాలీ ఆటో మీద తాళ్లతో కట్టుకొచ్చారు. వెంట ఐదుగురు ఇంజనీరింగ్ పిల్లలు. అందులో ఒకడు మా అక్క కొడుకు.

అన్న బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఏంది అల్లుడా, పందిరి గుంజలకు టైర్లు బిగించుకొచ్చిన్రు?" అన్నాడు. పిల్లలంతా నవ్వారు. మావాడు నవ్వలేదు. వాడి చూపు షెడ్డు గోడ మీద ఉంది. ఎందుకో నాకు తెలుసు.

రెండు రోజుల ముందు వాడు నాకు ఫోన్ చేశాడు. "చిన్నమామా, మా టీం బండి గుట్ట ఎక్కుతలేదు. కాలేజీ వర్క్‌షాపుల ఎంత చూసినా తెలుస్తలేదు. పెద్దమామ దగ్గరికి తీసుకొస్తమని చెప్పిన" అన్నాడు. తీసుకురా, దానికేముంది అన్నాను. కాసేపు ఆగి, "ఒక మాట. గోడ మీద ఫొటో ఉంటది కదా. ఆ ఒక్కరోజు తీయమని పెద్దమామకు నువ్వు చెప్తవా?" అన్నాడు.

ఆ ఫొటో ఎవరిదో చదివే మీకు చెప్పక్కర్లేదు. నీలం కోటు, చేతిలో పుస్తకం.

తిట్టాలనిపించింది. కానీ నేను కూడా పీజీ చదివే రోజుల్లో, రూమ్మేటు ఇంటిపేరు అడిగితే మాట మార్చినవాణ్నే. తిట్టే నోరు రాలేదు. అన్నకి ఫోన్ చేసి, ఆదివారం పిల్లలొస్తున్నారు, షెడ్డు కొంచెం సర్దు, గోడలు అవీ చూసుకో అని నానబెట్టి చెప్పాను. అన్నకి ఒక్క మాటతోనే అర్థమైంది. "ఫొటో మీద గ్రీజు మరకలు పడ్డయ్‌రా. తుడిచి పెడ్త" అన్నాడు. అంతే. ఆదివారం నేను వెళ్లేసరికి ఫొటో తళతళలాడుతోంది. దండ కూడా కొత్తది.

ఇక బండి సంగతి. బాహా అని ఒక పోటీ ఉంది. 1976లో అమెరికాలో సౌత్ కరోలినా యూనివర్సిటీలో మొదలైంది. మన దేశంలో 2007 నుంచి జరుగుతోంది. మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్ ట్రాక్ అంటే ఇంజనీరింగ్ పిల్లలకి బాగా తెలుసు. విద్యార్థులే బండి డిజైన్ చేసి, కట్టి, రాళ్లలో మట్టిలో నడిపి చూపించాలి. గుట్ట ఎక్కించడం ఒక పరీక్ష. నాలుగు గంటలు ఆగకుండా నడపడం ఇంకో పరీక్ష. అప్పట్లో మావాళ్ల పోటీలో అన్ని జట్లకూ ఇంజన్ ఒకటే. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ వాళ్లది, 305 సీసీ, 10 హార్స్‌పవర్. దాన్ని విప్పకూడదు, మార్చకూడదు. మిగతా బండిలోనే ఎవరి తెలివి వాళ్లు చూపించుకోవాలి.

టీంలో ఉండాలంటే తలా ఇంత అని డబ్బులు వేసుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే పిల్లవాడికి ఆ డబ్బు ఎక్కడిది? మా అక్క పొదుపు సంఘంలో అప్పు తీసి ఇచ్చింది. మావాడికి టీంలో ఇచ్చిన పని పైపులు కోయడం, వెల్డింగ్ పట్టడం, రాత్రి వర్క్‌షాపు తాళం వేయడం. కంప్యూటర్ మీద డిజైన్ చేసేవాళ్లు వేరే. జడ్జీల ముందు మాట్లాడేవాళ్లు వేరే. ఎవరూ వాడితో కటువుగా లేరు. పని మాత్రం అలా పంచారు.

కెప్టెన్ పిల్లవాడు ల్యాప్‌టాప్ తెరిచి లెక్క చూపించాడు. ఇంజన్ తిప్పుడు బలం సుమారు 19 న్యూటన్ మీటర్లు. గేర్‌బాక్స్ మన ఆల్ఫా ట్రాలీ ఆటోది. ఫస్ట్ గేర్‌లో ఇంజన్ సుమారు 31 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. అంటే వేగం ముప్పై వంతులు తగ్గి, బలం ముప్పై రెట్లు పెరుగుతుంది. మధ్యలో అరుగుడుకి పోయింది పోగా, 25 అంగుళాల టైరు నేలని వెనక్కి తన్నే బలం 160 కిలోల బరువుతో సమానం. డ్రైవరుతో కలిపి బండి 260 కిలోలు. 30 డిగ్రీల ఏటవాలు ఎక్కాలంటే బరువులో సగం, అంటే 130 కిలోల బలం చాలు. "లెక్క ప్రకారం ఎక్కాలి అంకుల్. ఎక్కడం లేదు" అన్నాడు. "ఇంజన్ పవర్ తక్కువేమో. కానీ రూల్ ప్రకారం ఇంజన్‌ని ముట్టుకోకూడదు."

అన్న నవ్వి, "ముట్టుకోవద్దనే మాట మాకు కొత్తనా బాబూ. నేను ముట్టనులే. రోగం ఇంజన్‌ల లేదు" అన్నాడు.

ఇద్దరికి ఆ మాట అర్థమైనట్టుంది, తల దించుకున్నారు. మిగతావాళ్లు నవ్వారు.

అన్న మొదట చేసిన పని ఏంటో తెలుసా? పానా పట్టుకోలేదు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, బండిని ఒంటి చేత్తో తోశాడు. కదిలింది, కానీ చెయ్యి తీయగానే ఆగిపోయింది. "సాఫు నేల మీద తోస్తే రెండడుగులు కూడా ఉరకని బండి గుట్ట ఎట్ల ఎక్కుతది?" అన్నాడు. వెనక భాగం జాకీ మీద లేపి చక్రం తిప్పమన్నాడు. బ్రేకు పట్టుకునే ఉంది. పెడల్‌కి, మాస్టర్ సిలిండర్‌కి మధ్య ఉండాల్సిన సందు అసలు లేదు. బ్రేకు వదిలినా ఆయిల్ వెనక్కి పోయే దారి తెరుచుకోవడం లేదు. నడిచేకొద్దీ వేడెక్కి ఇంకా గట్టిగా పట్టుకుంటోంది. "ఒక కాలితోని ఎక్కుతున్నరు, ఇంకో కాలితోని తొక్కిపెడుతున్నరు" అన్నాడు. పెడల్ రాడ్డు మావాడి చేతనే తిప్పించి రెండు మిల్లీమీటర్ల సందు పెట్టించాడు.

రెండోది క్లచ్. కేబుల్ మరీ బిర్రుగా లాగి కట్టారు. క్లచ్ వదిలినా పూర్తిగా వదలడం లేదు. మిట్ట రాగానే ప్లేటు జారుతోంది. ఇంజన్ అరుస్తుంది, చక్రానికి ఏమీ అందదు. విప్పి చూస్తే ప్లేటు మాడి నల్లగా ఉంది. వాసన కాలేజీలోనే వచ్చిందట, కొత్త ప్లేటు వాసన అనుకున్నారట.

మూడోది టైర్లు. 25 అంగుళాల టైర్లు చూడ్డానికి గంభీరంగా ఉంటాయని వేశారు. అన్న ఒక కర్ర తెచ్చి, రాయి కింద పెట్టి ఎత్తి చూపించాడు. పొడుగు కర్ర చివర బరువు పెడితే ఎత్తడం కష్టం, దగ్గర పెడితే సులువు. ఇరుసు నుంచి నేల దాకా ఉన్న దూరం కూడా అట్లాంటి కర్రే. చక్రం ఎంత పెద్దదైతే అంత ఎడంగా తోయాలి. 22 అంగుళాల టైరు వేస్తే అదే ఇంజన్‌తో, అదే గేర్‌తో నేల మీద పడే బలం 160 నుంచి 180 దాటుతుంది. కెప్టెన్ వెంటనే ల్యాప్‌టాప్‌లో వేసి చూసి, "182 వస్తోంది" అన్నాడు. "గట్లనా? మంచిదే" అన్నాడు అన్న. ఆ తర్వాత నష్టం కూడా చెప్పాడు. బండి ఒకటిన్నర అంగుళం కిందికి దిగుతుంది, రాళ్లు పొట్టకి తగలొచ్చు. సాఫు దారిలో వేగం తగ్గుతుంది. "అన్నీ కావాలంటే దొరకయి. మీకు గుట్ట ముఖ్యమా, ఉరుకుడు ముఖ్యమా, మీరే తేల్చుకోన్రి."

తేల్చుకున్నారు. టైర్లు దొరికి వేసేసరికి మరో వారం పట్టింది. గాలి కూడా తగ్గించి నింపాడు, మట్టిని టైరు వెడల్పుగా పట్టుకోవాలని.

మరుసటి ఆదివారం మా ఊరి గుట్టకి తీసుకెళ్లాం. బండి మునుపటికంటే బాగా లాగింది. సగం దూరం బాగానే ఎక్కింది. అక్కడ వాన కోసిన గండి ఒకటి ఉంది. ఎడమ చక్రం గండి మీదికి రాగానే గాల్లోకి లేచింది. అంతే, అది పంకాలా గిర్రున తిరగడం మొదలుపెట్టింది. కుడి చక్రం నేల మీద, బరువంతా మోస్తూ, కదలకుండా నిలబడింది. బండి ఆగిపోయింది.

కెప్టెన్ ఇంకా రేస్ ఇవ్వమన్నాడు. ఇచ్చేకొద్దీ గాల్లో చక్రమే ఇంకా జోరుగా తిరిగింది.

అన్న పిల్లల్ని దగ్గరికి పిలిచి చూపించాడు. "సూడున్రి. బరువు ఏ చక్రం మీదుంది? కుడి దాని మీద. నేలను పట్టుకున్నది ఏది? కుడిదే. తిరుగుతున్నది ఏది? గాల్ల ఉన్నది. ఇంజన్ల తప్పు లేదు. నడుమ పంచేటోని కాడ ఉంది తప్పు."

నడుమ పంచేది డిఫరెన్షియల్. బండి మూల తిరిగేటప్పుడు లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి. అందుకని రెండిటినీ వేర్వేరు వేగాలతో తిరగనివ్వడానికి దాన్ని పెడతారు. రోడ్డు మీద అది లేకపోతే కష్టం. కానీ ఒక చక్రం గాల్లో ఉన్నప్పుడు, ఏది సులువుగా తిరుగుతుందో తిరుగుడంతా దానికే పోతుంది. బరువు మోసే చక్రానికి అందే బలం కూడా ఆ గాల్లో చక్రం దగ్గర ఎంత ఆపుడు ఉందో అంతకు మించదు. గాల్లో ఆపేదేముంది? ఏమీ లేదు. కనుక దీనికీ ఏమీ లేదు.

మిత్రులారా, నేను తెలుగు చదువుకున్నవాణ్ని. ఇంజనీరింగ్ నాకు రాదు. కానీ ఆ గుట్ట మీద నిలబడి ఆ చక్రాన్ని చూస్తుంటే ఇరవై ఏళ్లుగా విన్న వాదనలన్నీ గుర్తొచ్చాయి. అందరికీ ఒకే పరీక్ష పెట్టారు, ఒకే సిలబస్ ఇచ్చారు, ఇంకేం కావాలి అంటారు. నిజమే, ఇంజన్ అందరికీ 10 హార్స్‌పవరే. నడుమ పంచే పెట్టె సంగతి ఎవరూ మాట్లాడరు. నేలకి ఆనకుండా గిర్రున తిరిగేదాన్ని చూసి ఎంత వేగం అని చప్పట్లు కొడతారు. కదలకుండా నిలబడ్డదాన్ని చూసి దీనికి శక్తి లేదు అంటారు. బరువు ఎవరి మీద ఉందో వంగి చూడరు.

అన్న అట్లా అనలేదు. ఆయన మోట గురించి చెప్పాడు. మా తాత మోట బొక్కెనలు కుట్టేవాడు. తోలు బొక్కెన, దానికి తొండం, లాగడానికి మోకు, బాయి ఒడ్డున గిరక. కరెంటు మోటార్లు రాకముందు మా చుట్టుపక్కల మడులన్నీ ఆ తోలు మీదే తడిశాయి. "మోట తొవ్వ వాలుగ ఎందుకు తవ్వుతరో తాత చెప్పేటోడు గుర్తుందారా? నీళ్లు పైకొచ్చేటప్పుడు ఎడ్లు కిందికి నడవాలె. ఎద్దు బలం ఒక్కటే సాలదు, ఎద్దు బరువు కూడ పనిల కలవాలె. ఈ బండిల బరువున్న చక్రం పనిల లేదు. దాన్ని పనిలకు తేవాలె."

ఎట్లా తేవాలి? గేర్‌బాక్స్ విప్పి, డిఫరెన్షియల్ లోపలి స్టార్ పినియన్లని వెల్డింగ్‌తో కలిపేస్తే రెండు చక్రాలూ ఎప్పుడూ కలిసే తిరుగుతాయి. ఒకటి గాల్లో ఉన్నా రెండోది లాగుతుంది. దీని నష్టం కూడా అన్న ముందే చెప్పాడు. మూల తిరిగేటప్పుడు లోపలి టైరు ఈడ్చుకుపోతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, చక్రాలకు పోయే షాఫ్టుల మీద ఒత్తిడి పడుతుంది. "గుట్ట ఎక్కుతది. నాలుగు గంటల పరుగుల షాఫ్టు మీద నాకు నమ్మకం లేదు. స్పేర్ పెట్టుకోన్రి."

గట్టి ఇనుము కనుక వట్టిగా వెల్డింగ్ పెడితే పగులుతుంది. ముందు కాల్చి వేడి చేయాలి, పెట్టిన తర్వాత ఒక్కసారిగా చల్లారకూడదు. అన్న వదినని పిలిచి పొయ్యిలోని బూడిద బకెట్ నిండా తెప్పించాడు. వెల్డింగ్ మావాడి చేత పెట్టించాడు. తాను పక్కన కూచుని, "ఆగు, ఇప్పుడు అవతలి పక్క, మళ్లీ ఇటు" అని చెప్పాడు. ఆ ముక్కని బూడిదలో పూడ్చి, తెల్లారేదాకా తీయొద్దన్నాడు. పిల్లలు ఆ రాత్రి షెడ్డులోనే పడుకున్నారు. మా వదిన కోడికూర వండింది. ఐదుగురిలో ఒకడు ఉపవాసం అన్నాడు. సోమవారం కాదు, శనివారం కాదు, ఆదివారం. వదిన ఏమీ అనలేదు, అరటిపళ్లు తెప్పించింది.

మరునాడు బిగించి గుట్టకి తీసుకెళ్తే బండి గండి దగ్గర ఒక్క క్షణం వణికి, ఎడమ చక్రం గాల్లో ఉండగానే కుడి చక్రంతో ఈడ్చుకుని పైకి ఎక్కేసింది. పిల్లలు కేకలు పెట్టారు. కెప్టెన్ అన్నని కౌగిలించుకున్నాడు. గ్రీజు చొక్కాకి అంటింది, పట్టించుకోలేదు. అది నిజమైన సంతోషమే. దాన్ని నేను కాదనను.

ఆ సాయంత్రం తిరుగు ప్రయాణంలో వాళ్లలో ఒకడు మావాణ్ని అడిగాడట. "అన్నట్టు, నీ ఎంసెట్ ర్యాంకు ఎంత రా?"

మూడేళ్లుగా ఒకే బెంచీ మీద కూచున్నవాడు. మూడేళ్లుగా అడగని ప్రశ్న. గోడ మీద ఫొటో చూశాక అడిగాడు.

మావాడు ర్యాంకు చెప్పాడట. తర్వాత వ్యాన్‌లో ఎవరూ మాట్లాడలేదట.

పది రోజుల తర్వాత మావాడు డిజైన్ రిపోర్టు నాకు పంపాడు. ఇంగ్లీషులో ఉంది. టైరు మార్పు, బ్రేకు సర్దుబాటు, డిఫరెన్షియల్ లాక్, అన్నిటికీ పటాలు, సమీకరణాలు ఉన్నాయి. చక్కగా రాశారు. మొదటి పేజీలో కృతజ్ఞతలు. కాలేజీ యాజమాన్యానికి, విభాగాధిపతికి, విలువైన సాంకేతిక మార్గదర్శనం చేసిన ఇద్దరు ప్రొఫెసర్లకి. అన్న కోసం వెతికాను. ఖర్చుల పట్టికలో దొరికాడు. "వెల్డింగ్, స్థానిక లేబర్: 500."

ఆ 500 కూడా అన్న తీసుకోలేదు. పట్టికలో ఏదో ఒకటి ఉండాలి కదా అని వేశారట.

కెప్టెన్‌తో నేనే ఫోన్‌లో మాట్లాడాను. మర్యాదగానే చెప్పాడు. "సార్, విద్యార్థులే డిజైన్ చేయాలని రూల్. మెకానిక్ చెప్పాడని రాస్తే మార్కులు పోతాయి." ఆ నియమం మంచిదే. డబ్బున్న కాలేజీలు బయట బండి కట్టించి తెచ్చుకోకుండా అది ఆపుతుంది. లాభనష్టాలు రెండూ ముందు పెట్టి, మీరే తేల్చుకోమని అన్న అన్నప్పుడు ఆ నియమం ఏమీ చెడలేదని కూడా చెప్పాను. ఒక్క ప్రశ్న అడిగాను. ప్రొఫెసర్లు చెప్పింది మార్గదర్శనం ఎట్లా అయింది, మా అన్న చెప్పింది లేబర్ ఎట్లా అయింది? ఆ అబ్బాయి దగ్గర జవాబు లేదు. ఇరవై ఏళ్ల పిల్లవాడు, వాడికి ఎవరు నేర్పారు కనుక? అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన' రాశారు. పని పంచుకోవడం వేరు, పని చేసే మనుషుల్నే మెట్లుగా పేర్చడం వేరు అనే సంగతి అందులో ఉంది. ఈ దేశంలో ఆ మెట్లు రిపోర్టు ఫార్మాట్‌లోనే అచ్చయి వస్తాయి. నింపేవాడికి తెలియను కూడా తెలియదు.

ఆ కోపంతోనే అన్న దగ్గరికి పోయాను. పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. నీ జ్ఞానాన్ని దొంగిలించారు, నీ పేరు తుడిచేశారు, మనం ఊరుకోకూడదు అన్నాను. కంచ ఐలయ్య గారు మాదిగలను సబాల్టర్న్ సైంటిస్టులన్నారు తెలుసా అన్నాను. అన్న ఒక ఆటో కింద పడుకుని నట్లు బిగిస్తున్నాడు. అంతా విని, కింద నుంచే అడిగాడు.

"నీ పీహెచ్‌డీ పుస్తకంల బాపు పేరు యాడున్నదిరా?"

ఆ రాత్రి సిద్ధాంత గ్రంథం తీశాను. నాది తోలు పని పదాల మీద, పాటల మీద పరిశోధన. భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1962లో వ్యవసాయ పదాలతో తెచ్చిన మాండలిక వృత్తి పదకోశం చూసి, ఆ దారిలో మా వాళ్ల మాటలు సేకరించాలనుకున్నాను. అందులో సగానికి పైగా పదాలు బాపు చెప్పినవే. బొక్కెనకి ఏ తోలు పనికొస్తుంది, తంగేడు చెక్క ఎన్నాళ్లు నానాలి, తొండం ఎంత పొడుగుండాలి, కుట్టు ఎటు తిరగాలి, అన్నీ. ఆయన పదాలు మాత్రమే చెప్పలేదు. ఎందుకు అట్లాగే చేయాలో కూడా చెప్పాడు. ఆ "ఎందుకు"లన్నీ నా అధ్యాయాల్లో నా విశ్లేషణగా ఉన్నాయి. "ఈ పరిశోధకుని పరిశీలనలో తేలిందేమంటే" అని మొదలవుతాయి.

బాపు ఎక్కడున్నాడు? చిట్టచివర, అనుబంధంలో, సమాచార దాతల పట్టికలో, ఏడో వరుసలో. పేరు, వయసు, కులం. వృత్తి: కూలి. చదువు: నిరక్షరాస్యుడు.

నా చేత్తో నేను టైప్ చేసిన మాట. నన్ను చదివించిన మనిషి పక్కన ఆ మాట పెట్టి, స్పెల్లింగ్ సరిచూసి, బైండింగ్ చేయించి, ఆ పుస్తకం తీసుకుపోయి ఆయన చేతుల్లోనే పెట్టి ఫొటో దిగాను. ఆయన దాన్ని కళ్లకద్దుకున్నాడు. ఏడో వరుసలో ఏముందో ఆయనకి తెలియదు. అన్నకి తెలుసు. పదో తరగతితో చదువు ఆపి నా ఫీజులు కట్టినవాడు, నా పుస్తకం మొత్తం చదివాడని నాకు ఆరోజే తెలిసింది.

ఫార్మాట్ అట్లా ఉందని నేనూ అనొచ్చు. అందరూ అట్లాగే రాస్తారు అనొచ్చు. ఆ కెప్టెన్ చెప్పిందీ అదే కదా.

ఈ ముచ్చటంతా మా అల్లుడికి చెప్పాను. వాడు ఏమీ అనలేదు. సంక్రాంతి తర్వాత పీతంపూర్ వెళ్లారు. గుట్ట పరీక్షలో బండి పైదాకా ఎక్కింది. డిజైన్ పరీక్షలో జడ్జి, డిఫరెన్షియల్ ఎందుకు లాక్ చేశారు, దానివల్ల నష్టమేంటి అని అడిగాడట. లాభాలు రిపోర్టులో ఉన్నాయి కనుక కెప్టెన్ చెప్పాడు. నష్టాల దగ్గర తడబడ్డాడు. వెనక నిలబడ్డ మావాడు ముందుకొచ్చి, వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడట. టైరు ఈడ్చుకుపోవడం, స్టీరింగ్ బరువు, షాఫ్టు మీద ఒత్తిడి. ఇవన్నీ ఎలా తెలుసు అని జడ్జి అడిగితే, "మా మామ చెప్పాడు సార్. నల్లగొండలో మెకానిక్" అన్నాడట. జడ్జి తలూపి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయాడట. ఆకాశం ఏమీ విరిగిపడలేదు.

నాలుగు గంటల పరుగులో మూడో గంటకి షాఫ్టు విరిగింది. స్పేర్ బరువని తీసుకుపోలేదు. ప్రైజు రాలేదు. ఫోన్‌లో ఆ మాట విని అన్న, "చెప్పిన కదా" అని ఒక్క మాటన్నాడు. కానీ ఆ రోజంతా హుషారుగా ఉన్నాడు. ఎందుకంటే మావాడు షాఫ్టు కంటే ముందు, జడ్జి ముందర ఏమన్నాడో చెప్పాడు.

మరుసటి ఏడు వాడి ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టులో మొదటి పేజీలోనే అన్న పేరు ఉంది. గైడు తీసేయమన్నాడట. వీడు తీయలేదు. మార్కులు తగ్గాయో లేదో తెలియదు. పాసయ్యాడు.

ఇక నా సంగతి. ఆ సిద్ధాంత గ్రంథం ఇప్పుడు పుస్తకంగా తెస్తున్నాను. ఆర్నెల్లుగా కూచుని, బాపు చెప్పిన ప్రతి "ఎందుకు" దగ్గరా ఆయన పేరు రాస్తున్నాను. అనుబంధంలో కాదు, వాక్యంలోనే. "ఈ పరిశోధకుని పరిశీలన" అనే మాట ఎన్నిచోట్ల కొట్టేయాల్సి వచ్చిందో చెబితే సిగ్గు. సమాచార దాతల పట్టిక తీసేశాను. ఆ పట్టికలో ఇంకా ఇరవై మంది ఉన్నారు. కొందరు బతికి లేరు. వాళ్ల ఇళ్లకి పోయి, ఎవరు ఏ మాట చెప్పారో మళ్లీ సరిచూసుకుంటున్నాను. బాపు కూడా ఇప్పుడు లేడు. ఆయనకి చదివి వినిపించలేను. ఆలస్యం చేసినవాడికి మిగిలేది అదే.

పరిశోధన చేస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఫీల్డ్ వర్క్ అంటూ మీరు పోయేది మీ అమ్మ దగ్గరికే, మీ నాయన దగ్గరికే. వాళ్లు చెప్పేది ముడిసరుకు కాదు, అప్పటికే ఆలోచించి తేల్చిన విషయం. వాళ్ల పేరు ఎక్కడ రాస్తున్నారో ఒకసారి తీసి చూసుకోండి. మీ గైడు కాదంటే వాదించండి. వాదించే ధైర్యం ఈరోజు లేకపోతే కనీసం ఆ ఒక్క మాట, నిరక్షరాస్యుడు అనే మాట, మీ చేత్తో టైప్ చేయకండి.

అన్న షెడ్డు అక్కడే ఉంది. పోయిన నెల అల్లుడు జీతం డబ్బులతో కొత్త ఫ్రేము కట్టించి తెచ్చాడు. పాత ఫొటోనే, కొత్త అద్దం. ఈసారి దాన్ని షెడ్డు లోపలి గోడకి కాదు, రోడ్డు మీద పోయేవాళ్లకి కనపడేలా షట్టర్ పైన వాడే ఎక్కి బిగించాడు. కింద నిచ్చెన పట్టుకున్నది నేను.

జై భీమ్.